విజయనగరంలో ఒక వీసా సలహా కేంద్రం: అడిగినదానికి సూటి జవాబు

అమెరికాలో హెచ్‌-1బీ వీసా మీద ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు ఖాళీ వేళల్లో బయటివారికి వెబ్‌సైట్లు తయారుచేసి ఇవ్వవచ్చునా అని అడగడానికి కోట సమీపంలోని ఈ సలహా కేంద్రానికి వెళ్లాను. ఆ వీసా కింద పనికి అనుమతి దరఖాస్తు చేసిన సంస్థకే పరిమితం కనుక, సొంతంగా ఫ్రీలాన్స్ పని చేసి డబ్బు తీసుకోవడం, మొత్తం ఎంత చిన్నదైనా, పన్ను సక్రమంగా కట్టినా, నిబంధనల ఉల్లంఘనే అవుతుందని సలహాదారు నిర్మొహమాటంగా చెప్పారు. పన్ను కట్టేస్తే చాలునన్న ధీమా మన వైపు చాలా ఇళ్లలో ఉంది. దానిని ఆయన మొదటే తుంచివేయడం నాకు నచ్చింది. రెండవ సంస్థ కూడా తన తరఫున ఐ-129 (విదేశీ ఉద్యోగి కోసం సంస్థ అమెరికా ప్రభుత్వానికి పెట్టే దరఖాస్తు) దాఖలు చేస్తే పార్ట్‌టైమ్ ఉద్యోగం సాధ్యమేనని, షేర్ల డివిడెండ్లకు ఈ అడ్డు లేదని వివరించారు. రుసుము మాత్రం ఎక్కువే, రసీదు అడిగితే గాని ఇవ్వలేదు.