ల్యాగ్‌కి ఏది మందు: నెట్ ప్లానా, గ్రాఫిక్స్ కార్డా, ఎదుటివాళ్ల నగలా?

"అన్నా, నెట్ ప్లాన్ పెంచమంటావా, గ్రాఫిక్స్ కార్డున్న ల్యాప్‌టాప్ తీసుకోమంటావా?" ఉగాది మీట్ అయిన మర్నాటి నుంచి ఇదే ప్రశ్న ఐదారుగురు అడిగారు. అందరూ బెంగళూరులోనే, మారతహళ్లి నుంచి బీటీఎం దాకా ఏదో ఒక పీజీలోనో ఫ్లాట్‌లోనో ఉండే మనవాళ్లే. శనివారం రాత్రుళ్లు సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ 3డీ లోకంలో బొమ్మల రూపంలో కలుస్తుంటాం. మామూలు రోజుల్లో పది పన్నెండు మందిమే కాబట్టి నెట్టుకొస్తాం. ఉగాదికి నలభై మంది దిగేసరికి నా స్క్రీన్ మీద ఎఫ్‌పీఎస్ (సెకనుకి పడే బొమ్మల, అంటే ఫ్రేముల లెక్క) 9కి పడిపోయింది. పచ్చడి గిన్నె దగ్గరికి వెళ్దామని బాణం గుర్తు నొక్కితే, రెండు క్షణాల తర్వాత చూసేసరికి గోడలో ఇరుక్కుని ఉన్నాను. ఇలా ఆలస్యంగా, ఆగి ఆగి కదలడమే ల్యాగ్.

నేనూ ఈ దారిలో డబ్బు తగలేసినవాణ్నే. పోయినేడాది ఇదే బాధతో 100 ఎంబీపీఎస్ ప్లాన్‌ని 300 చేయించాను. సినిమాలు త్వరగా డౌన్‌లోడ్ అయ్యాయి. సెకండ్ లైఫ్‌లో మాత్రం ఒక్క ఫ్రేమ్ పెరగలేదు. అందుకే ముందు ఆ ప్లాన్ సంగతి.

సెకండ్ లైఫ్ సర్వర్లు 2020లో అమెజాన్ క్లౌడ్‌కి మారాయి. అవి ఉండేది అమెరికాలోని ఒరెగాన్‌లో. బెంగళూరు నుంచి అక్కడికి సూటిగా కొలిస్తేనే 13 వేల కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి వెళ్లి రావడానికే 130 మిల్లీసెకన్లు కావాలి. సముద్రం అడుగు కేబుళ్లు సూటిగా పోవు, దారిలో ఆగే చోట్లూ ఉంటాయి. నాకు పింగ్, అంటే అలా వెళ్లి రావడానికి పట్టే సమయం, 240 మిల్లీసెకన్ల దగ్గర తిరుగుతుంటుంది. అంటే మీట నొక్కిన పావు సెకనుకి గానీ బొమ్మ కదలదు. 300 కాదు, వెయ్యి ఎంబీపీఎస్ పెట్టించుకున్నా ఆ పావు సెకను అలాగే ఉంటుంది. రోడ్డును నాలుగు లేన్లు చేసినంత మాత్రాన తిరుపతి దగ్గరికి జరగదు కదా.

అలాగని నెట్‌ని పూర్తిగా వదిలేయమనను. పింగ్ స్థిరంగా ఉంటే 240 అయినా చెయ్యి అలవాటు పడుతుంది. ఓసారి 240, ఓసారి 900 అయితేనే తంటా. నడుస్తూ నడుస్తూ వెనక్కి లాగినట్టు కావడం, తలుపు రెండుసార్లు తెరుచుకోవడం, మాట మధ్యలో తెగిపోవడం ఇలాంటప్పుడే. చాలాసార్లు దీనికి కారణం మన గదిలోనే ఉంటుంది. పీజీలో వైఫై లిస్టు తెరిచి చూడండి, ముప్ఫై పేర్లు కనబడతాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడని చానళ్లు మూడే: 1, 6, 11. ముప్ఫై రౌటర్లూ ఆ మూడింటి మీదే కొట్టుకుంటాయి. కమాండ్ ప్రాంప్ట్‌లో మీ రౌటర్ అడ్రస్‌కే పింగ్ పెట్టి ఐదు నిమిషాలు వదిలేయండి. గదిలో ఉన్న డబ్బా నుంచి జవాబు రావడానికే అప్పుడప్పుడు 80, 100 మిల్లీసెకన్లు పడుతుంటే ఒరెగాన్‌ని తిట్టి లాభం లేదు. 5 గిగాహెర్ట్జ్‌కి మారండి, లేదా కొన్ని వందలు పెట్టి ఒక ల్యాన్ కేబుల్ కొనుక్కోండి. నెట్ మీద ఖర్చు పెట్టాలనుకుంటే నేను చెప్పేది ఆ కేబులే. ఇంకో చిన్న సంగతి: రూమ్మేట్ ఫోన్ రాత్రి తొమ్మిదికి ఫొటోలన్నీ బ్యాకప్ చేయడం మొదలెడితే అప్‌లోడ్ లైను నిండిపోయి మీ పింగ్ ఎగురుతుంది. నాకు ఇది తెలియడానికి రెండు నెలలు పట్టింది.

మన నెట్‌ని వేరే దారిలో పంపుతామని గేమింగ్ వీపీఎన్ పేరుతో అమ్మేవాటి గురించి కూడా అడుగుతున్నారు. మీ నెట్ కంపెనీ లైను వింతగా యూరప్ చుట్టూ తిప్పుతుంటే పనికొస్తుంది, లేకపోతే దారిలో ఇంకో మజిలీ పెరుగుతుంది. ఉచితంగా దొరికితే వాడి చూసి, తేడా లేకపోతే వదిలేయండి. ఫోన్ హాట్‌స్పాట్, కరెంటు పోయినప్పటికి మాత్రమే.

ఇప్పుడు గ్రాఫిక్స్ కార్డు. ఇక్కడే ఎక్కువమంది పొరబడుతున్నారు, ఇక్కడే ఎక్కువ డబ్బూ పోతోంది.

మీ స్క్రీన్ మీద సెకనుకి 60 బొమ్మలు పడాలంటే ఒక్కో బొమ్మకి 16.7 మిల్లీసెకన్లు దొరుకుతాయి. ఆ వ్యవధిలో రెండు పనులు జరగాలి. మొదటిది, చుట్టూ ఏమేం ఉన్నాయో ఏరి, వరసలో పెట్టి, "ఇది గీయి, తర్వాత ఇది గీయి" అని కార్డుకి చెప్పడం. అది ప్రాసెసర్ (సీపీయూ) పని. రెండోది, చెప్పింది గీయడం. అది కార్డు (జీపీయూ) పని. మామూలు వీడియో గేముల్లో ఊరు, చెట్లు, మనుషులు అన్నీ ఒకే కంపెనీ ఆర్టిస్టులు తయారుచేస్తారు, ఎంత బరువుండాలో ముందే లెక్క కట్టుకుంటారు. ఇక్కడ ఊరంతా వాడేవాళ్లే కట్టుకున్నారు. ఒకరి గుడి మండపంలో వంద స్తంభాలుంటే వందా వేర్వేరు వస్తువులు. కాబట్టి చెప్పే పని గీసే పనిని మించిపోతుంది. పైగా వ్యూయర్‌లో, అంటే సెకండ్ లైఫ్‌ని మనకి చూపించే ప్రోగ్రాంలో, ఆ చెప్పే పని చాలావరకు ప్రాసెసర్‌లోని ఒక్క కోర్ మీదే (పనిచేసే భాగాల్లో ఒక్కదాని మీదే) నడుస్తుంది.

టాస్క్ మేనేజర్ చూసి మోసపోయేది ఇందుకే. మా ఆఫీసు కుర్రాడొకడు స్క్రీన్‌షాట్ పంపాడు: "అన్నా, సీపీయూ 15 శాతమే, జీపీయూ 35 శాతమే. రెండూ ఖాళీ. అయినా ఎఫ్‌పీఎస్ 12." వాడి ల్యాప్‌టాప్‌లో ఎనిమిది కోర్లు. ఒక కోర్ ఊపిరాడకుండా పనిచేసినా మొత్తం లెక్కలో అది 12.5 శాతంగానే కనబడుతుంది. పెళ్లిలో వడ్డించేవాడు ఒక్కడే ఉండి, మిగతా ఏడుగురూ గోడకానుకుని నిలబడితే ఎలా ఉంటుందో అలా అన్నమాట. ఇంకాస్త పెద్ద కార్డు కొంటే ఆకు పెద్దదవుతుంది తప్ప వడ్డన పెరగదు.

మీది ఏ రకమో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. వ్యూయర్ విండోని సగానికి తగ్గించండి. ఎఫ్‌పీఎస్ బాగా పెరిగితే కార్డు చాలడం లేదని అర్థం, అప్పుడు కొనండి. ఏమీ మారకపోతే ప్రాసెసర్ దగ్గర ఆగుతోంది. ఇప్పటిదాకా నేను ఈ పరీక్ష చేయించిన ఆరుగురిలో ఐదుగురికి ఏమీ మారలేదు. ఆరో అమ్మాయికి మారింది. చూస్తే ఆవిడ ల్యాప్‌టాప్‌లో మంచి కార్డే ఉంది, వ్యూయర్ దాన్ని వదిలేసి ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ మీద నడుస్తోంది. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ అనే చోట వ్యూయర్‌కి హై పెర్ఫార్మెన్స్ ఎంచుకుంటే సరిపోయింది. ఛార్జర్ పెట్టకుండా బ్యాటరీ మీద ఆడే మహానుభావులకు వేరే చెప్పక్కర్లేదు.

కార్డుకి పనే లేదని నేననడం లేదు. నీడలు, నీటిలో ప్రతిబింబాలు, వీఆర్ (కళ్లకి పెట్టుకునే హెడ్‌సెట్) కావాలంటే కార్డు కావాల్సిందే. నీడలు ఆన్ చేస్తే సూర్యుడి వైపు నుంచి కూడా దృశ్యాన్ని మళ్లీ గీయాలి మరి. కార్డు మెమరీ కూడా చూసుకోవాలి. 1024 బై 1024 టెక్స్చర్ (వస్తువు మీద అతికించే బొమ్మ) ఒకటి విప్పితే 4 ఎంబీ. ఒక అవతార్ (అక్కడ మన తరఫున తిరిగే బొమ్మ) ఒంటి మీద అలాంటివి యాభై ఉంటే 200 ఎంబీ. ముప్ఫై మంది అలా వస్తే 6 జీబీ అయిపోతుంది, మీ కార్డుది 4 జీబీ అనుకోండి. వ్యూయర్ వాటిని మసకగా దింపి సర్దుకుంటుంది. పక్కవాడి చొక్కా స్పష్టంగా కనబడి మళ్లీ మసకబారుతుంటే అదే కారణం.

కార్డు లేని ల్యాప్‌టాప్ అయితే ర్యామ్ చూడండి. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌లోంచే తీసుకుంటుంది. 8 జీబీ ఒకే స్టిక్‌గా ఉంటే దారి ఒకటే. రెండో స్టిక్ వేస్తే దారి రెండింతలవుతుంది. స్క్రీన్‌షాట్ పంపిన ఆ కుర్రాణ్ని వెంటబెట్టుకుని, కంప్యూటర్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డుకి వెళ్లాను. వాడు గేమింగ్ ల్యాప్‌టాప్ కొనాలనే బయల్దేరాడు. రెండో స్టిక్ వేయించి, మిగిలిన డబ్బుతో ఊరెళ్లడానికి టికెట్ తీసుకున్నాడు. ఎఫ్‌పీఎస్ 12 నుంచి 19 అయింది. అద్భుతమేమీ కాదు, కానీ ఖర్చుకి తగ్గ ఫలితమే. ఎస్‌ఎస్‌డీ (వేగమైన డిస్కు) మాటకొస్తే ఈ రోజుల్లో చాలామందికి ఉంది. వ్యూయర్ దింపుకున్నవి దాచుకునే క్యాష్ ఫోల్డర్‌ని యాంటీవైరస్ తనిఖీ నుంచి తప్పిస్తే చాలు.

నా అభిప్రాయంలో అసలు తేల్చేది వీటిలో ఏదీ కాదు. మీ చుట్టూ ఎంతమంది నిలబడ్డారు, వాళ్లు ఏం వేసుకున్నారు అన్నదే.

ఉగాది రోజు ఒకావిడ కాసులపేరు వేసుకొచ్చారు. అచ్చం బంగారంలా ఉంది. తీరా చూస్తే అందులో ప్రతి కాసూ విడిగా చెక్కిన మెష్ (చిన్న త్రిభుజాలతో అల్లిన 3డీ రూపం), ప్రతి కాసు మీదా లక్ష్మీదేవి బొమ్మ. ఇరవై అడుగుల దూరం నుంచి అది నా స్క్రీన్ మీద నాలుగు పిక్సెళ్లు. ఆ నాలుగు పిక్సెళ్ల కోసం నా ల్యాప్‌టాప్ వేల త్రిభుజాలు లెక్కగట్టింది. గోడలూ నేలా ఒకసారి వచ్చాక కదలకుండా ఉంటాయి. అవతార్ అలా కాదు, ఊపిరి పీల్చినా చెయ్యి ఊపినా ఎముకలతో పాటు చర్మం, చీర, నగలు అన్నీ ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ కదలాలి. అందుకే ఖాళీ రీజియన్‌లో (సెకండ్ లైఫ్ నేలలో ఒక ముక్కలో) 60 వచ్చే మిషనే మనుషులు మూగేసరికి 9కి పడిపోతుంది. వీఆర్‌చాట్ అనే ఇలాంటి ఇంకో లోకంలో కూడా ఇదే గొడవ. అక్కడ పీసీలో 70 వేల త్రిభుజాలు దాటిన అవతార్‌కి వెరీ పూర్ అని ముద్ర వేస్తారు. దాన్నసలు చూపించొద్దని మీరు సెట్ చేసుకోవచ్చు.

మీట్ మధ్యలోనే సెట్టింగ్స్ తెరిచాను. పూర్తిగా గీయాల్సిన అవతార్ల సంఖ్య 8కి దించాను. కాంప్లెక్సిటీ (ఒక అవతార్‌ని గీయడం ఎంత బరువో చెప్పే సంఖ్య) పరిమితి తగ్గించాను. ఆ పరిమితి దాటినవాళ్లు బూడిద రంగు ముద్దల్లా కనబడతారు, మాట్లాడటానికి అడ్డేమీ లేదు. డ్రా డిస్టెన్స్, అంటే ఎంత దూరం దాకా గీయాలో ఆ హద్దు, 256 నుంచి 64 మీటర్లు చేశాను. దూరం నాలుగో వంతైతే విస్తీర్ణం పదహారో వంతవుతుంది. ఒక రీజియన్ మొత్తమే 256 బై 256 మీటర్లు, మండపంలో కూర్చుని పక్క ఊరి కొబ్బరిచెట్లు నాకెందుకు? నీడలు ఆపేశాను. 9 ఉన్నది 34 అయింది. పది రూపాయలు కూడా ఖర్చు కాలేదు.

దీని మీద ఒక అభ్యంతరం వచ్చింది, సబబైనదే. "అంతా తగ్గించేసుకుని బూడిద ముద్దల మధ్య కూర్చోవడానికా వచ్చింది?" అని. నిజమే, ఫొటోలు తీసుకునేవాళ్లకి నా పద్ధతి పనికిరాదు. వాళ్లు మంచి కార్డు, దాంతోపాటు ఒక్కో కోర్ వేగం ఎక్కువున్న ప్రాసెసర్ ఉన్న మిషన్ కొనుక్కోవాలి. కోర్ల సంఖ్య చూసి కొనొద్దు. కబుర్లకి వచ్చేవాళ్లకి మాత్రం నేను కొనమని చెప్పను.

మీ చేతిలో లేని ల్యాగ్ ఇంకొకటుంది. కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని 1 నొక్కితే లెక్కల పట్టీ వస్తుంది. అందులో టైమ్ డైలేషన్ (సర్వర్ సమయం మన సమయంతో సమానంగా నడుస్తోందా అన్న లెక్క) 1కి దగ్గరగా, సిమ్ ఎఫ్‌పీఎస్ (సర్వర్ సెకనుకి ఎన్నిసార్లు లెక్కగడుతోంది అన్నది) 45 దగ్గర ఉండాలి. ఉగాది రోజు టైమ్ డైలేషన్ 0.6కి దిగింది. అంటే సర్వరే ఆయాసపడుతోంది. అప్పుడు బురదలో నడిచినట్టుంటుంది, మీ ల్యాప్‌టాప్ లక్ష రూపాయలదైనా అంతే. ఒక్కొక్కరూ ఒంటి మీద మోసుకొచ్చే స్క్రిప్టులు (వస్తువుల్లో నడిచే చిన్న ప్రోగ్రాములు) కూడా దీనికి ఒక కారణం. వందల స్క్రిప్టులతో ఎవరైనా టెలిపోర్ట్ అయి దిగిన క్షణంలో ఊరంతా ఒకసారి ఆగినట్టవుతుంది.

తర్వాత ఎవరు ఎంత బరువున్నారో కాంప్లెక్సిటీ లెక్క తీశాను. ఆ సంఖ్య మరీ కచ్చితమైన కొలత కాదు, వరస తెలియడానికి చాలు. కాసులపేరు ఆవిడ రెండో స్థానంలో ఉన్నారు. మొదటి స్థానంలో మూడున్నర లక్షలు దాటి నేనున్నాను. జరీ అంచు పంచె, దాని మీద పోగు పోగునా మెష్‌తో నేసిన కండువా, స్క్రిప్టులున్న చేతి గడియారం. మన వ్యూయర్ మనల్ని మనకి ఎప్పుడూ పూర్తిగానే గీసి చూపిస్తుంది కాబట్టి నాకు అనుమానమే రాలేదు. సాయంత్రమంతా సగం మందికి నేనే బూడిద ముద్దలా కనబడ్డానని తర్వాత ఫొటోల్లో తెలిసింది. కండువా తీసేశాను. గడియారం కూడా తీసేద్దామనుకున్నాను గానీ, అది పుట్టినరోజుకి మా తమ్ముడు ఇచ్చింది.