ఒక విశ్వవిద్యాలయ విద్యార్థి సహవాసం: సమీక్ష

సొంత ఊరి సంఘాన్ని విడిచి హాస్టల్లో చేరే క్రైస్తవ విద్యార్థికి ఆదివారం ఆరాధన ఏదో ఒక మందిరంలో దొరుకుతుంది గానీ, చదివిన వాక్యాన్ని తన యీడు వారితో కూర్చుని మాట్లాడుకునే చోటు అంత సులువుగా దొరకదు. ఆ పని కోసమే ఒక విశ్వవిద్యాలయంలో నడుస్తున్న సహవాసపు కూడికలకు అతిథిగా వెళ్లి చూశాను. దాని పేరు, ఊరు ఇక్కడ రాయడం లేదు.

ఈ తరహా సహవాసాలకు మన దేశంలో బాగా తెలిసిన నమూనా 1954లో ఏర్పడిన యు.ఇ.ఎస్.ఐ. (యూనియన్ ఆఫ్ ఇవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా) అనే క్రైస్తవ విద్యార్థి సంస్థ. కళాశాలలో ఇ.యు. (ఇవాంజెలికల్ యూనియన్), ఊరిలోని కళాశాలలను కలిపే ఐ.సి.ఇ.యు. (ఇంటర్ కాలేజియేట్ ఇ.యు.), చదువు ముగించినవారికి ఇ.జి.ఎఫ్. (ఇవాంజెలికల్ గ్రాడ్యుయేట్స్ ఫెలోషిప్) అన్నది దాని అమరిక. అంతర్జాతీయంగా అది 1947లో ఆరంభమైన ఐ.ఎఫ్.ఇ.ఎస్. అనే విద్యార్థి సహవాసాల అంతర్జాతీయ సమాఖ్యతో కలిసి పనిచేస్తుంది. నేను చూసినది ఆ సంస్థ శాఖ కాదు. అయినా పాస్టరుగారి మీద ఆధారపడకుండా విద్యార్థులే నడపడం, పట్టభద్రులు వెనుక నుండి సాయపడటం అన్న పద్ధతిని ఇక్కడా పాటిస్తున్నారు.

ఈ సహవాసానికి పేరు తేవలసినది బైబిలు పఠనమే. ఏడెనిమిది మంది వలయంగా కూర్చుని ఒక భాగాన్ని చదివి, అందులో ఏముందో ముందు గమనించి, తరువాత దాని భావం, ఆ తరువాతే తమ జీవితానికి అన్వయం చర్చిస్తారు. మార్కు సువార్త రెండవ అధ్యాయంలో పక్షవాయువు గలవానిని నలుగురు మోసుకొని వచ్చి కప్పు విప్పి దింపిన భాగం చదివిన రోజున, మొదటి సంవత్సరపు కుర్రాడొకడు "మరి ఆ ఇంటివారి కప్పు ఎవరు బాగు చేయించారన్నా?" అని అడిగాడు. నవ్వి దాటవేయడం తేలికే. పఠనం నడుపుతున్న సీనియర్ మాత్రం ఆ భాగాన్ని మళ్లీ చదివించి, దాని గురించి వాక్యం ఏమీ చెప్పలేదని అందరిచేతా గమనింపజేసి, అక్కడి నుండి ఆ నలుగురి తెగువ మీదకు చర్చను నడిపించాడు. మన మందిరాల్లో ప్రసంగం వినడమే తప్ప ప్రశ్న అడగడం అలవాటు లేని పిల్లలకు ఇది చాలా విలువైన శిక్షణ.

పాటలు, సాక్ష్యాలు అన్ని చోట్లా ఉన్నట్టే ఉన్నాయి.

లోపం ప్రార్థన అంశాల దగ్గర కనిపించింది. ఒక్కొక్కరు ఇంటి సంగతులు, బ్యాక్‌లాగ్‌లు, ప్లేస్‌మెంట్‌లు వివరంగా చెప్పుకుంటూ పోవడం వల్ల కూడిక గంటకు పైగా సాగుతుంది. అమ్మాయిల హాస్టల్ గేటు అంతకు ముందే మూసేస్తారు కనుక వారు మధ్యలోనే లేచి వెళ్లిపోతారు. దాని ఫలితంగా చర్చ ముగింపులో గానీ, తదుపరి వారపు బాధ్యతలు పంచుకునేటప్పుడు గానీ ఒక్క చెల్లెలూ ఉండదు. కూడిక అరగంట ముందుగా మొదలుపెడితే తీరిపోయే ఈ సమస్యను ఎవరూ పట్టించుకోకపోవడం నాకు నచ్చలేదు.

గుంటూరు వైపు నుండి వచ్చిన లూథరన్, ఒంగోలు బాప్టిస్టు, మెదక్ సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), పెంతెకొస్తు శాఖల పిల్లలు ఒకే వలయంలో కూర్చుంటారు. ఈ శాఖల మధ్య తేడా ఉన్న బాప్తిస్మం విషయమై వాదనకు దిగకుండా చదువుతున్న భాగానికే కట్టుబడతారు. క్రైస్తవులు కాని స్నేహితులు కూడా వచ్చి వినవచ్చు, విశ్వాసం ప్రకటించమని వారిని ముందుకు పిలవడం గానీ చేతులెత్తమనడం గానీ నేను చూడలేదు. ఉద్వేగభరితమైన ఆరాధన కోరేవారికి ఇది చప్పగా అనిపిస్తుంది. బైబిలును నిదానంగా చదవాలనుకునే విద్యార్థికి, ముఖ్యంగా మొదటి సెమిస్టరులో చేరిన వారికి, నిస్సంకోచంగా సూచిస్తాను.