నాలుగేళ్ల వాడకంలో మా ఇంటి మోడెమ్, రౌటర్

2021 ఆగస్టులో నెల్లూరు దర్గామిట్టలోని మా ఇంటికి ఫైబర్ కనెక్షన్ పెట్టించాం. ఫైబర్ వచ్చి తగిలే పెట్టె, అంటే మోడెమ్, నెట్ కంపెనీ వాళ్లిచ్చిందే. ఇంట్లో వైఫై పంచే రౌటర్ మాత్రం నేను విడిగా కొన్నాను. అది ఏసీ1200 రకం డ్యూయల్ బ్యాండ్‌ది, అంటే రెండు సిగ్నళ్లు ఇస్తుంది: వేగంగా ఉన్నా గోడలు దాటలేని 5 గిగాహెర్ట్జ్, నెమ్మదైనా దూరం వెళ్లే 2.4 గిగాహెర్ట్జ్. నా ఆఫీసు పని, పిల్లల క్లాసులు, అమ్మ సీరియళ్లు అన్నీ దాని మీదే. ఇప్పటికీ మొరాయించలేదు కాబట్టి ఇలాంటిది కొనమనే చెబుతాను. మొదట్లో పడ్డ తిప్పలన్నీ దాన్ని పెట్టిన చోటు వల్ల, తగిలించిన వైరు వల్ల వచ్చినవే.

బిగించడానికి వచ్చిన కుర్రాడు కిటికీలోంచి వైరు లాగి, టీవీ స్టాండు వెనక మోడెమ్ పెట్టి వెళ్లాడు. రౌటర్‌నూ దాని పక్కనే పెట్టాను. మాది పాత ఇల్లు, తొమ్మిదంగుళాల గోడలు. పైగా మధ్య గదిలో ఇనప బీరువా. వంటింట్లోకి వెళితే 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ అందేది కాదు. "ఒరే, నెట్టు రావడంలా" అని అమ్మ రోజూ పిలిచేది. చివరికి మోడెమ్‌ను అక్కడే ఉంచి, రౌటర్‌ను హాలు మధ్యలో అటక కిందికి, ఏడడుగుల ఎత్తుకు మార్చాను. హాల్లో 5, వెనక గదుల్లో 2.4 వాడుతున్నాం. 2.4లో ఛానెల్‌ను, అంటే సిగ్నల్ నడిచే దారిని, ఆటోలో వదలకుండా ఒకదానికొకటి అడ్డం రాని 1, 6, 11లో ఇరుగుపొరుగు తక్కువగా వాడేది చూసి పెట్టాలి. మా వీధిలో 11 ఖాళీగా దొరికింది.

ఇక వైరు సంగతి. మా ప్లాన్ 150 ఎంబీపీఎస్. స్పీడ్ టెస్టు పెడితే పగలూ రాత్రీ 94 దగ్గరే ఆగేది. ఫోన్ చేస్తే "లైన్ బాగానే ఉంది సార్" అనేవాళ్లు. నాకు మూడు నెలలు టెన్షన్. లైన్ రద్దీ వల్ల నెమ్మదిస్తే అంకె పైకీ కిందికీ ఊగుతుంది. ఇలా 94 దగ్గరే గట్టిగా నిలబడితే మధ్యలో ఎక్కడో 100 ఎంబీపీఎస్‌కు మించని లింకు ఉన్నట్టు. రౌటర్ సెట్టింగ్స్‌లో చూస్తే నిజంగానే 100 అని ఉంది. మోడెమ్ నుంచి రౌటర్‌కు వెళ్లే వైరు కొనను వెలుగులో పెట్టి చూశాను. గాజులాంటి ఆ క్లిప్పులో ఏడు తీగలు చివరిదాకా వచ్చి ఉన్నాయి. గోధుమ రంగుది మాత్రం బియ్యపు గింజంత దూరంలో ఆగిపోయింది. 100కు నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కు, అంటే 1000 ఎంబీపీఎస్‌కు, ఎనిమిదీ తగలాలి. ట్రంకు రోడ్డులో గిగాబిట్‌కు పనికొచ్చే కేట్6 రకం వైరు తెచ్చి మార్చగానే 150 దాటింది. మోడెమ్ పోర్టు కూడా చూసుకోండి: జీఈ అని రాసిన దాంట్లోనే గుచ్చాలి, ఎఫ్‌ఈ అని ఉంటే అది 100కు మించదు.

మోడెమ్‌ను బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించి, అంటే నెట్‌ను రౌటర్‌కు అందించడం తప్ప ఇంకేమీ చేయకుండా చేసి, దాని వైఫై ఆపేశాను. నెట్ కంపెనీ లాగిన్ రౌటరే చేసుకుంటుంది. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మొదటి రోజే మార్చండి. రొట్టెల పండక్కి వచ్చే చుట్టాల కోసం గెస్ట్ నెట్‌వర్క్, అంటే వేరే పేరు, వేరే పాస్‌వర్డ్‌తో ఇంకో వైఫై, పెట్టాను. మా అసలు పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పాల్సిన పని లేదు.

కరెంటు పోతే నెట్టు పోకుండా 12 వోల్టుల చిన్న యూపీఎస్ కొన్నాను. అడాప్టర్ మీది వోల్టులు, ఆంపియర్లు సరిచూసుకుని కొనాలి. కొత్తలో మూడు గంటలు నిలిచేది, ఇప్పుడు గంటన్నరే. 2023 డిసెంబర్‌లో మిగ్‌జాం తుఫానుకు మాత్రం అది అక్కరకు రాలేదు. మోడెమ్ మీద లాస్ (LOS) అనే ఎర్ర లైటు వెలిగింది. అది వెలిగితే ఫైబర్‌లో వెలుతురు రావడం లేదన్నమాట, రౌటర్‌ను ఎన్నిసార్లు ఆపి మళ్లీ ఆన్ చేసినా లాభం లేదు. రెండో రోజు లైన్‌మన్ వానలోనే వచ్చి, "అన్నా, యాడో స్తంభం కాడ తెగింది" అని వెతికి అతికించి పోయాడు. అప్పటి నుంచి కిటికీ దగ్గర ఫైబర్‌ను మడత పడనీయకుండా గుండ్రంగా చుట్టి ఉంచుతున్నాను.

మేడ మీద గదికి మాత్రం ఇప్పటికీ సిగ్నల్ సరిగా చేరదు, శ్లాబు అడ్డం. అక్కడికి పైపులోంచి వైరు లాగి, మా పాత రౌటర్‌లో డీహెచ్‌సీపీ (ఫోన్లకు, కంప్యూటర్లకు నెట్‌వర్క్ అడ్రసులు పంచే పని) ఆపి దాన్ని యాక్సెస్ పాయింటుగా, అంటే వైఫై ఇచ్చే పెట్టెగా మాత్రమే, పెట్టబోతున్నాను. వైరు కొని ఉంచాను, ఈ వానలు తగ్గాలి.