పాత డెస్క్‌టాప్‌కి ఏది మేలు: ఎస్ఎస్‌డీయా, ర్యామా, సెట్టింగులా, లినక్సా?

మూడో తరం ఐ3, హెచ్61 చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, దాని మీద విండోస్ 10. జిరాక్స్ షాపుల్లో, డీటీపీ సెంటర్లలో, ఇళ్ళలో ఇంకా నడుస్తున్న పాత సిస్టమ్‌లు చాలావరకు అటూ ఇటుగా ఇలాంటివే. అందరూ అడిగేదీ ఒకటే: బాగా స్లో అయింది, ర్యామ్ వేయించాలా, ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్‌కి బదులు పెట్టే చిప్‌ల డిస్క్) పెట్టించాలా, సెట్టింగులు మారిస్తే సరిపోతుందా? 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు సపోర్ట్ ముగిశాక ఈ ప్రశ్నలకి లినక్స్ (విండోస్‌కి బదులు వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) కూడా తోడైంది.

డబ్బు పెట్టేముందు సిస్టమ్ ఎక్కడ ఆగుతోందో చూసుకోవాలి. డెస్క్‌టాప్ వచ్చీ రాగానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్‌లో డిస్క్ యాక్టివ్ టైమ్ 100 శాతం దగ్గర అతుక్కుపోయి, కింద రీడ్ స్పీడ్ మాత్రం ఒకటి రెండు ఎంబీలు దాటకపోతే రోగం దొరికినట్టే. ఇలాంటి సిస్టమ్‌లలో ఎక్కువగా కనిపించేది ఇదే.

సినిమా ఫైల్ కాపీ చేస్తే సెకనుకు 100 ఎంబీ చూపించే డిస్క్ ఇక్కడ ఎందుకు చతికిలబడుతుంది? 7200 ఆర్‌పీఎం అంటే సెకనుకు 120 చుట్లు, చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. కావాల్సిన ముక్క హెడ్ (డిస్క్ మీది డేటా చదివే భాగం) కిందికి రావడానికి సగటున అరచుట్టు, అంటే 4.2. హెడ్ ఆ ట్రాక్ మీదికి జరగడానికి ఇంకో 9. మొత్తం 13 మిల్లీసెకన్లకు ఒక్క ముక్క, సెకనుకు సుమారు 75. ముక్క 4 కేబీ అనుకుంటే సెకనుకు వచ్చేది 300 కేబీ! బూట్ అయ్యేటప్పుడు, బ్రౌజర్ తెరిచేటప్పుడు విండోస్ అడిగేవి ఎక్కువగా ఇలా చెల్లాచెదురుగా ఉన్న చిన్న ముక్కలే. అదే టైమ్‌లో డిఫెండర్, అప్‌డేట్, సెర్చ్ ఇండెక్సింగ్ ఆ ఒక్క హెడ్‌నే తలో వైపు లాగుతుంటాయి. ఎస్ఎస్‌డీలో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. ముక్కకి 0.1 మిల్లీసెకను లెక్కేసుకున్నా సెకనుకు 10 వేలు. వంద రెట్లకు పైగా తేడా ఇక్కడే ఉంది. మిగతా మార్గాల్లో ఏదీ దీని దరిదాపుల్లోకి రాదు.

హెచ్61లో ఉన్నవి సాటా 2 పోర్టులే (డిస్క్ తగిలించే పాత తరం పోర్టులు) కదా, ఎస్ఎస్‌డీ దండగ అనేవాళ్ళున్నారు. సాటా 2 వల్ల పెద్ద ఫైళ్ళ కాపీ 550 ఎంబీకి బదులు 270 దగ్గర ఆగుతుంది, నిజమే. చిన్న ముక్కలు తెచ్చే వేగం ఆ హద్దుకి చాలా కిందే ఉంటుంది కాబట్టి రోజువారీ పనిలో తేడా పెద్దగా తెలియదు. 256 జీబీ సాటా ఎస్ఎస్‌డీ చాలు. ఐదో వంతు ఖాళీగా ఉంచండి, చవక ఎస్ఎస్‌డీలు నిండేకొద్దీ రాయడంలో మందగిస్తాయి.

పెట్టేముందు పాత డిస్క్ ఆరోగ్యాన్ని క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాములో చూడండి. కరెంట్ పెండింగ్ సెక్టార్ వరుసలో రా వాల్యూస్ దగ్గర సున్నా కాకుండా ఏదైనా ఉంటే క్లోనింగ్ (పాత డిస్క్‌ని ఉన్నదున్నట్టు కొత్తదాని మీదికి కాపీ చేయడం) జోలికి పోకుండా ముందు ఫొటోలు, ఫైళ్ళు బయటికి తీసేయండి. సీఆర్‌సీ ఎర్రర్లు (డేటా పంపడంలో వచ్చే తప్పులు) పెరుగుతుంటే ముందు సాటా కేబుల్ మార్చి చూడాలి.

క్లోన్ కన్నా ఫ్రెష్ ఇన్‌స్టాల్ మేలు. డిజిటల్ లైసెన్స్ బోర్డుకి ముడిపడి ఉంటుంది, కాబట్టి కీ అడిగినప్పుడు లేదని చెప్పి, మునుపటి ఎడిషనే ఎంచుకుంటే నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది. ఇన్‌స్టాల్ చేస్తున్నంతసేపూ పాత డిస్క్ కేబుల్ పీకి ఉంచండి. ఉంచకపోతే బూట్ ఫైళ్ళు పాత డిస్క్ మీదే పడొచ్చు, తర్వాత ఎప్పుడో దాన్ని తీసేసిన రోజు సిస్టమ్ బూట్ కాదు. బయాస్‌లో సాటా మోడ్ ఐడీఈలో (పాత పద్ధతి) ఉంటే ఇన్‌స్టాల్‌కి ముందే ఏహెచ్‌సీఐ (కొత్త పద్ధతి) చేయండి. క్లోన్ చేసినవాళ్ళు నేరుగా మారిస్తే బ్లూ స్క్రీన్ వచ్చే ప్రమాదం ఉంది. ముందు ఎంఎస్‌కాన్ఫిగ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి, రీస్టార్ట్‌లో బయాస్ మార్చి, సేఫ్ మోడ్‌లోకి ఒకసారి వెళ్ళాక టిక్ తీసేస్తే సరి. ఇంకా పాత జీ41 బోర్డుల్లో, ఐసీహెచ్7 చిప్ మీద, ఏహెచ్‌సీఐ అసలు ఉండదు. వెతక్కండి, ఐడీఈలోనే ఎస్ఎస్‌డీ పనిచేస్తుంది.

ర్యామ్‌ది రెండో స్థానం, కానీ గట్టి రెండో స్థానం. రోజూ వాడేవన్నీ తెరిచి టాస్క్ మేనేజర్‌లో కమిటెడ్ (ప్రోగ్రాములన్నీ కలిపి అడిగిన మెమరీ) చూడండి. 4 జీబీ సిస్టమ్‌లో అది 6, 7 చూపిస్తుంటే కొరత ఉన్నట్టే, ఆ బరువు పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడే చోటు) రూపంలో మళ్ళీ డిస్క్ మీదే పడుతోంది. ఎస్ఎస్‌డీ లేకుండా ర్యామ్ పెంచితే ట్యాబ్‌లు సాఫీగా మారతాయి గానీ బూట్ అలాగే ఈడుస్తుంది. ఇంకో 4 జీబీ డీడీఆర్3 స్టిక్ రెండో స్లాట్‌లో వేస్తే డ్యూయల్ చానల్ (రెండు స్టిక్‌లూ ఒకేసారి పనిచేయడం) కూడా వస్తుంది, ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్‌కి అది లాభమే. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, ఏఎండీకి మాత్రమే అని రాసున్న చవక డీడీఆర్3 స్టిక్‌లు తీసుకోవద్దు, ఇంటెల్ బోర్డు వాటిని గుర్తించదు. జీ41 అయితే 16 చిప్‌లున్న 4 జీబీ స్టిక్ అడగండి, 8 చిప్‌లది పనిచేయదు. విండోస్ 32 బిట్‌ది ఉంటే 8 జీబీ వేసినా అందులో వాడుకునేది 4లోపే, ముందు 64 బిట్ ఫ్రెష్‌గా వేయాలి.

సెట్టింగుల మార్పు ఖర్చు లేనిది, అందుకే దానికంత పేరు. నిజంగా పనికొచ్చేవి కొన్నే: స్టార్టప్ ట్యాబ్‌లో అక్కర్లేనివి డిసేబుల్ చేయడం, బ్యాక్‌గ్రౌండ్ యాప్స్ ఆపడం, ట్రాన్స్‌పరెన్సీ తీసేయడం. పెర్ఫార్మెన్స్ ఆప్షన్స్‌లో బెస్ట్ పెర్ఫార్మెన్స్ నొక్కితే అన్ని టిక్‌లూ పోతాయి. అందులో స్మూత్ ఎడ్జెస్ ఆఫ్ స్క్రీన్ ఫాంట్స్ మాత్రం తిరిగి పెట్టండి. లేకపోతే విండోస్ తెలుగు ఫాంట్ నిర్మలా యూఐలో ఒత్తులూ గుడులూ రంపపు పళ్ళలా కనిపించి తెలుగు చదవడమే కష్టమవుతుంది. హార్డ్ డిస్క్ మీద సిస్‌మెయిన్ (తరచూ వాడే ప్రోగ్రాములను ముందే ర్యామ్‌లోకి తెచ్చే సర్వీస్) ఆపితే బూట్ అయ్యాక గోల కాస్త తగ్గుతుంది, బదులుగా ప్రోగ్రాములు తెరుచుకోవడం లేటవుతుంది. పేజ్ ఫైల్ తీసేయమనే సలహా వినకండి. రిజిస్ట్రీ క్లీనర్ల వల్ల వేగం పెరగదు. విండోస్‌లోంచి అక్కర్లేనివి తీసేస్తామనే ఊరూపేరూ లేని డీబ్లోట్ స్క్రిప్ట్‌లు స్టోర్‌నీ అప్‌డేట్‌నీ విరగ్గొట్టాక మళ్ళీ విండోస్ వేసుకోవడమే దిక్కు.

పేరున్నా పెద్దగా లెక్కలోకి రానివి మూడు. టైనీ10 లాంటి కోసేసిన విండోస్‌లు ఎవరు ఏం తీశారో, ఏం కలిపారో తెలియని సరుకు, బ్యాంకు పనులు చేసే సిస్టమ్‌లో వద్దు. విండోస్ 11 ఈ ఐ3కి అధికారికంగా రాదు. కోర్ 2 డ్యూయోలో అయితే విండోస్ 11లోని 24హెచ్2 వెర్షన్ బైపాస్ చేసినా బూట్ కాదు, దానికి కావాల్సిన పాప్‌కౌంట్ ఇన్‌స్ట్రక్షన్ ఆ ప్రాసెసర్‌లో లేదు. వేగం కోసం రెడీబూస్ట్ అని పెన్‌డ్రైవ్ గుచ్చడం పాతకాలం మాట.

ఇక లినక్స్. ఇది వేగానికి మందు అనుకుంటే సగమే నిజం. లినక్స్‌లో ఒక రకమైన మింట్, అందులో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్, తక్కువ ర్యామ్‌తో కూర్చుంటుంది, వెనకాల డిస్క్‌ని అంతగా పీడించదు. కానీ అదే హార్డ్ డిస్క్ మీద బ్రౌజర్ తెరిస్తే అదే హెడ్ అలాగే తిరుగుతుంది. దీని అసలు లాభం భద్రత: మింట్ 22కి 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. బ్రౌజర్, యూట్యూబ్, మెయిల్ వరకే వాడే ఇంటికి ఎస్ఎస్‌డీ మీద మింట్ నిక్షేపంలా సరిపోతుంది. ట్యాలీ, అను స్క్రిప్ట్ మేనేజర్‌తో పేజ్‌మేకర్ నడిచే చోట మాత్రం మార్చకండి, అవి విండోస్ కోసం చేసినవి. మన షాపుల్లో తరచూ కనిపించే కానన్ ఎల్‌బీపీ2900 ప్రింటర్ కూడా లినక్స్‌లో క్యాప్ట్ డ్రైవర్‌తో కుస్తీ పట్టిస్తుంది. పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌లో బూట్ చేసి వైఫై, సౌండ్, ప్రింట్ చూసుకున్నాకే ఇన్‌స్టాల్ నొక్కండి.

విండోస్‌లోనే ఉండాల్సినవాళ్ళు విండోస్ 10 చివరి వెర్షన్ 22హెచ్2కి వచ్చి, విండోస్ అప్‌డేట్ పేజీలో ఈఎస్‌యూకి (సపోర్ట్ ముగిశాకా సెక్యూరిటీ అప్‌డేట్లిచ్చే పథకం) ఎన్‌రోల్ అయితే 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి, దానికి మైక్రోసాఫ్ట్ అకౌంట్ కావాలి. ఆ తర్వాత డీటీపీ సిస్టమ్‌కి నెట్ కేబుల్ తీసేసి, కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు వేరే సిస్టమ్‌లో స్కాన్ చేశాకే దానికి పెట్టాలి.