ఘాట్ ఎక్కే బండికి మామూలు డిజిటల్ మల్టీమీటర్: ఐదుకి నాలుగు

అలిపిరి దాటి ఘాట్ ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు పోతే, ఇంజను నిజంగానే కాగిందా, మీటరే తప్పు చూపిస్తోందా? ఇది కిందున్నప్పుడే తేల్చుకోవాలి. దానికి ఓల్టేజీ, ఓమ్‌లు (కరెంటుకి తగిలే అడ్డు) కొలిచే, జేబులో పట్టే చిన్న మల్టీమీటర్ చాలు. పెట్రోలు ముల్లు సంగతికొస్తే మాత్రం తడబడుతుంది.

కొన్న వెంటనే 200 ఓమ్‌ల రేంజిలో రెండు ప్రోబుల (కొలిచే పుల్లల) మొనలూ ఒకదానికొకటి ఆనించండి. 1 ఓమ్ లోపు నిలకడగా చూపాలి. అంకెలు గంతులేస్తే లీడ్లు (ప్రోబుల వైర్లు) మార్పించుకోండి. చవక రకాల్లో ముందు పోయేవి అవే.

టెంపరేచర్ సెన్సార్‌కి ఇగ్నిషన్ ఆపి, కనెక్టర్ ఊడదీసి, 20 కిలో ఓమ్‌ల రేంజిలో కొలవాలి. వేడెక్కేకొద్దీ ఓమ్‌లు తగ్గాలి. చాలా కార్లలో ఉండే రెండు పిన్నుల రకం 20 డిగ్రీల దగ్గర సుమారు 2.5 కిలో ఓమ్‌లు, 80 దగ్గర 300 చిల్లర ఓమ్‌లు చూపుతుంది. తిరుపతి ఎండాకాలంలో తెల్లవారుజామున కూడా వేడి 20 డిగ్రీలకి దిగదు. కాబట్టి చల్లటి ఇంజను మీద 1.7 కిలో ఓమ్‌లే వచ్చిందని సెన్సార్ పారేయకండి.

పాత జీపుల్లో ఒంటి వైరు సెండర్ (ముల్లుకి వేడి కబురు పంపే సెన్సార్) ఉంటుంది. ఇగ్నిషన్ ఆన్‌లో ఆ వైరు పీకితే ముల్లు చల్లవైపు పడాలి, క్షణంసేపు ఎర్త్‌కి (ఇంజను లోహానికి) తాకిస్తే వేడివైపు లేవాలి. రెండూ జరిగితే డ్యాష్‌బోర్డు మీటరు మంచిదే. తప్పు సెండర్‌దో, దాని ఎర్త్‌దో. సెండర్ మరలకి టెఫ్లాన్ టేపు దట్టంగా చుట్టి బిగిస్తే ఎర్త్ అందదు, కొత్త సెండర్ వేసినా ముల్లు లేవదు. ఈసీయూ (ఇంజను నడిపే కంప్యూటర్) ఉన్న బండ్లలో ఇలా తాకించొద్దు. ఆ కంప్యూటర్‌కి తగిలించే స్కానర్‌లో లైవ్ డేటా చూడండి: అక్కడ డిగ్రీలు సరిగా ఉండి ముల్లు తప్పుగా ఉంటే క్లస్టర్ (డ్యాష్‌బోర్డు మీటర్ల పెట్టె) వైపు వెతకాలి.

వీటన్నిటికంటే ముందు, ఇంజను చల్లారాక కూలెంట్ మట్టం చూడండి. నీళ్లు తగ్గి సెన్సార్ గాలిలో ఉంటే, ఇంజను మాడిపోతున్నా ముల్లు కిందికే దిగుతుంది. మీటరు బాగాలేదనుకుని నడిపితే హెడ్ గాస్కెట్ (ఇంజను హెడ్ కింద ఉండే సీలు) పోతుంది.

ఒక మార్కు తగ్గించింది ట్యాంకు ఫ్లోట్ (పెట్రోలు మీద తేలుతూ మట్టం చెప్పే బుడ్డి) వల్ల. ఫ్లోట్ చెయ్యి రుద్దుకునే ట్రాక్ అరిగితే, దాని మీద రెప్పపాటు తెగే కాంటాక్టుని డిజిటల్ అంకెలు పట్టుకోలేవు. అక్కడ పాత ముల్లు మల్టీమీటరే నయం: ఫ్లోట్ నిదానంగా పైకెత్తితే తెగినచోట ముల్లు ఎగిరిపడుతుంది. పెట్రోలు, టెంపరేచర్ రెండు ముల్లులూ ఒకేసారి తప్పు చూపిస్తే సెన్సార్ల జోలికి పోకుండా, క్లస్టర్‌కి వచ్చే ఓల్టేజీ, దాని ఎర్త్ ముందు కొలవండి.