శిక్ష ఎందుకు? బైబిలు మాట, బౌద్ధం మాట

క్రైస్తవంలో దీనికి ఒకే జవాబు దొరకదు. బైబిల్లో పౌలు లేఖ అయిన రోమా పత్రిక 13వ అధ్యాయం తప్పుచేసినవాణ్ని దండించమని పాలకుడి చేతికి ఖడ్గమిస్తుంది. యోహాను సువార్త 8వ అధ్యాయంలోనేమో వ్యభిచారంలో దొరికిన స్త్రీని రాళ్లతో కొట్టాలని వచ్చినవాళ్లే, పాపం లేనివాడు మొదటి రాయి వేయాలని యేసు అనగానే ఒక్కొక్కరూ జారుకుంటారు. దండనకూ క్షమకూ మధ్య ఆ పెనుగులాట జైళ్లలోకీ వచ్చింది. 1829లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో తెరిచిన జైలులో ఖైదీకి ఒంటరి గది, ఒక బైబిలు, పైకప్పులో చిన్న వెలుతురు కంత. పశ్చాత్తాపం కలగాలనట! 1842లో అది చూసిన ఇంగ్లిష్ నవలాకారుడు చార్లెస్ డికెన్స్ ఇది చిత్రహింసేనని మండిపడ్డాడు.

బౌద్ధంలో తీర్పు చెప్పే దేవుడు లేడు, కర్మ దానంతటదే పండుతుంది. ఎందరినో చంపి, తర్వాత భిక్షువైన అంగుళిమాలుణ్ని కోసల రాజు వదిలేశాడు. వీధిలో మాత్రం రాళ్లదెబ్బలకు తల చిట్లి, భిక్షాపాత్ర పగిలింది. ఓర్చుకో, ఇది నీ కర్మఫలమే అన్నాడు బుద్ధుడు.

నాకు నచ్చేది మన బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడే. శాతవాహన రాజుకు రాశాడని చెప్పే 'రత్నావళి'లో ఖైదీలకు మంగలి, స్నానం, తిండి, మందులు, బట్టలు ఏర్పాటు చేయమంటాడు. దారితప్పిన కొడుకును దండించినట్టు దయతో దండించాలి. హంతకుణ్నయినా చంపకుండా, హింసించకుండా దేశం దాటించాలి.

ఆచరణ వేరే సంగతి. మరణశిక్ష ఏ పరిస్థితిలోనూ కూడదని కాథలిక్ చర్చి తేల్చింది 2018లో. బౌద్ధులే ఎక్కువున్న థాయ్‌లాండ్ ఆ ఏడాదే ఒక ఖైదీకి మరణశిక్ష అమలు చేసింది.