పవర్‌స్లేవా, కీపర్ రెండో భాగమా?

"అన్నా, ఒక్కటే చెప్పు, ఏది తీసుకోమంటావు?" కనిగిరిలో ఇద్దరు, ఒంగోల్లో ఒకడు, నెల్లూరులో ఇంకొకడు, నలుగురు తమ్ముళ్ళదీ ఇదే ప్రశ్న. హెవీ మెటల్ ఆల్బమ్‌లలో ఐరన్ మెయిడెన్ బ్యాండ్ 'పవర్‌స్లేవ్' (1984) మేలా, హెలోవీన్ బ్యాండ్ 'కీపర్ ఆఫ్ ది సెవెన్ కీస్' రెండో భాగం (1988) మేలా? మొన్న నాకూ ఇదే సమస్య వచ్చింది. చేతిలో ఒక్క ఎల్‌పీ రికార్డుకే డబ్బులున్నాయి. వారం రోజులు రెండూ మార్చి మార్చి విని పవర్‌స్లేవ్ తెప్పించుకున్నాను.

పాట పాటకీ మార్కులు వేస్తే కీపరే ముందుంటుంది. 'ఈగిల్ ఫ్లై ఫ్రీ' మొదలైతే కూర్చోబుద్ధి కాదు. గిటార్లతో పాటు బేస్ గిటార్‌కీ, డ్రమ్స్‌కీ కూడా అందులో సోలో వంతు వస్తుంది. 'మార్చ్ ఆఫ్ టైమ్', 'ఐ వాంట్ అవుట్' సంగతి మీకు చెప్పేదేముంది. పవర్‌స్లేవ్ అలా కాదు. మొదటి రెండు పాటల ఊపు తర్వాత మధ్యలో పలచబడుతుంది. 'ది డ్యూయలిస్ట్స్' లాంటివి గిటార్ల కోసం వింటాను గానీ పాటగా గుర్తుండవు.

అయినా నా లెక్క వేరు. రెండు ఆల్బమ్‌లూ 13 నిమిషాలు దాటిన పాటతోనే ముగుస్తాయి. రెండు పాటల్లోనూ సముద్రమే. ఏది మేలో అక్కడే తేలాలి.

మా నాయన హరిశ్చంద్ర నాటకాలకు హార్మోనియం వాయించేవాడు. పద్యం సగంలో ఉండగానే రాగం అందుకునే నటుడంటే ఆయనకు గిట్టదు. ముందు మాట జనానికి చేరాలి, ఆ తర్వాత ఎంతసేపు తీసినా సరే అంటాడు. నా చెవికి ఆ అలవాటే వచ్చింది.

కీపర్ చివరి పాటకు ఆల్బమ్ పేరే పెట్టారు, దాని కథ చిన్నప్పుడు మనం విన్న ఏడు సముద్రాల కథల్లాంటిదే. ఏడు తాళంచెవుల్లో ఒకటి ద్వేషపు సముద్రంలో, ఇంకొకటి భయపు సముద్రంలో విసురుకుంటూ పోవాలి. హెలోవీన్ గాయకుడు మైకేల్ కిస్కేకి అప్పటికి 20 ఏళ్ళు. ఆ గొంతు పైస్థాయిలో ఎక్కడా చీలదు, అంత శుభ్రమైన గొంతు మెటల్‌లో చాలా తక్కువ. కానీ పాట మెల్లగా మొదలైనా, ఒకసారి పైకెక్కాక ఎక్కువసేపు అక్కడే ఉంటాడు. అసలు ఘట్టం వచ్చేసరికి ఇంకా ఎక్కడానికి మెట్టు మిగలదు.

పవర్‌స్లేవ్ చివరి పాట 'రైమ్ ఆఫ్ ది ఏన్షియంట్ మారినర్' కథ ఇంగ్లీషు కవి కోల్‌రిడ్జ్ 1798లో అచ్చువేసిన పద్యంలోది. నావికుడు ఆల్బట్రాస్ పక్షిని చంపుతాడు, ఓడకు శాపం తగులుతుంది. చుట్టూ నీళ్ళే, తాగడానికి చుక్క లేదు. ఆ మాట కనిగిరి వాళ్ళకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. బోరు వేస్తే నీళ్ళు పడతాయి, ఫ్లోరైడ్ వల్ల నోట్లో పోసుకోలేం, క్యాను కొనుక్కుంటాం.

పాటలో ఆ నీళ్ళ మాట వచ్చిన కాసేపటికి ఊపు ఆగిపోతుంది. డ్రమ్స్ ఉండవు. బేస్ ఒక్కటే మెల్లగా నడుస్తుంటుంది, ఓడ చెక్కలు కిర్రుమంటాయి, ఒక గొంతు పద్యం చదువుతుంది. నిమిషాల తరబడి మెయిడెన్ గాయకుడు బ్రూస్ డికిన్సన్ గొంతెత్తడు. ఆ తర్వాత కొద్దికొద్దిగా పైకి వస్తాడు. నావికుడి మెడలోంచి పక్షి జారి నీళ్ళలో మునుగుతుంది, వాన పడుతుంది. ఆ "వాన" అన్న మాట మీద తీస్తాడు రాగం. అప్పటిదాకా దాచుకున్నదంతా అక్కడే ఖర్చుపెడతాడు.

నాయనకు ఇంగ్లీషు రాదు. ముందే కథ చెప్పి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నాడు. ఓడ కిర్రుమనే చోట ఆయన ఎడమచెయ్యి మంచంపట్టె మీద, హార్మోనియం తిత్తి వేస్తున్నట్టు, చిన్నగా ఆడటం మొదలైంది. వాన దగ్గర ఆగిపోయింది. "అదొక్క ముక్క మళ్ళీ పెట్టరా" అన్నాడు. కిస్కేది వినిపిస్తే "గొంతు బంగారం" అన్నాడు గానీ మళ్ళీ పెట్టమనలేదు.

మిగతావాటి గురించి కూడా అడిగారు. డ్రమ్స్ కోసమైతే జూడాస్ ప్రీస్ట్ 'పెయిన్‌కిల్లర్' (1990). గాయకుడు డియో గొంతు కోసమైతే 'హోలీ డైవర్' (1983) కంటే రెయిన్‌బో 'రైజింగ్' (1976) ముందు వినండి, 'స్టార్‌గేజర్' అందులోనే ఉంది. బ్లైండ్ గార్డియన్ 'నైట్‌ఫాల్ ఇన్ మిడిల్ ఎర్త్' (1998) బాగుంటుంది, కథ తెలియకపోతే మధ్యలో మాటల ముక్కలు విసిగిస్తాయి.

పవర్‌స్లేవ్ తీసుకునేవాళ్ళు ఫోన్ స్పీకర్లో మాత్రం పెట్టకండి, మెయిడెన్ బేసిస్ట్ స్టీవ్ హారిస్ వాయించింది సగం వినపడదు. మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, రాత్రి ఊరు సద్దుమణిగాక, రెండో వైపు మూడో పాట, అదే ఆ 'రైమ్', వినండి.